గుండె నిండా నెత్తురే, మరి గుండెకే కరువెందుకు?

ఉత్తరం: డాక్టరు గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. మా ఆయనకు 44 ఏళ్లు, రొయ్యల గుంటలు చేస్తారు. నెలన్నరగా మేత బస్తా భుజాన వేసుకుని గట్టు మీద నడిచేటప్పుడు ఛాతీ మధ్యలో మంట, ఎడమ దవడ లాగినట్టు ఉంటోందంటున్నారు. ఐదు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతుంది. గ్యాస్ అని సోడా తాగుతారు. నా పోరు పడలేక ఈసీజీ తీయించుకున్నారు, నార్మల్ వచ్చింది. అప్పట్నుంచి "ఈసీజీ బాగుంది గదా, ఇంకేంది నీకు" అంటున్నారు. రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తారు. మా మామగారు 52వ ఏట గుండెపోటుతో పోయారు. నాకు అర్థంకానిది ఇంకొకటి ఉంది. గుండె నిండా ఉండేది రక్తమే కదా, మరి గుండెకు రక్తం అందకపోవడమేంటి? ఈ బ్లాకులు ఎక్కడ వస్తాయి? నేను ఇంటర్ వరకే చదివాను. అర్థమయ్యేట్టు చెప్పండి. — ఒక సోదరి

అమ్మా,

ముందు చేయాల్సిన పని చెబుతాను, ఆ తర్వాత మీ ప్రశ్న. ఇది చదివిన మర్నాడే మీ ఆయన్ని గుండె డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. రొయ్యల పట్టుబడి అయ్యాకో, పండగ వెళ్లాకో అనుకోవద్దు. డాక్టరు చూసేదాకా బస్తాలు మోయనివ్వకండి, సిగరెట్ ముట్టనివ్వకండి. ఈలోపు ఆ మంట ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, మునుపటికంటే తక్కువ పనికే వచ్చినా, పావుగంటైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా అపాయింట్‌మెంట్ మాట మరిచిపోయి వెంటనే 108కి ఫోన్ చేయండి.

నెలన్నర కిందటి దాకా లేని మంట ఇప్పుడు నడిస్తే వచ్చి, కూర్చుంటే పోతోంది. దవడకు పాకుతోంది. తండ్రి 55 ఏళ్లు నిండకముందే గుండెపోటుతో పోయాడు. పైగా సిగరెట్. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిస్తే, కాదని పరీక్షల్లో తేలేవరకూ అది గుండె నొప్పి అనుకునే నడుచుకోవాలి. గ్యాస్‌కి మీ ఆయన బస్తా మోస్తున్నాడో కూర్చున్నాడో తెలియదు. గుండెకు తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్న. ఇంటర్ వరకే చదివానని రాశారు గానీ, ఎంబీబీఎస్ మొదటి ఏడాది నాకూ వచ్చిన అనుమానమే ఇది. నాకు పుస్తకం చదివితే తీరలేదు, చీపురు పుల్లతో తీరింది.

ఈ ఆదివారం మాంసం కొట్టుకు వెళితే మేక గుండెకాయను ముక్కలు కొట్టకుండా ఇమ్మనండి. పరిమాణంలో తేడాయే గానీ కట్టుబడి మనిషి గుండెలాంటిదే. మనిషి గుండె అతని పిడికిలంత ఉంటుంది, పావు కిలో నుంచి మూడు వందల యాభై గ్రాముల దాకా తూగుతుంది. ముందు చేతిలో పట్టుకుని పైభాగం చూడండి. తెల్లటి కొవ్వు చారలు పై నుంచి మొన దాకా దిగుతుంటాయి. ఆ చారల్లో దాక్కుని సన్నటి గొట్టాలు పారుతుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. వాటిని గుర్తుపెట్టుకోండి, మన కథంతా వాటిదే.

ఇప్పుడు నిలువుగా కోయండి. లోపల నాలుగు గదులు. పైన రెండు చిన్నవి కర్ణికలు, కింద రెండు పెద్దవి జఠరికలు. కుడివైపు గోడ పలచగా ఉంటుంది. ఒంట్లో తిరిగి వచ్చిన చెడు రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే దాని పని అయిపోతుంది. ఎడమవైపు గోడ దానికి మూడింతలు మందం, బిగువైన కండ. తల నుంచి కాలి బొటనవేలి దాకా మంచి రక్తాన్ని తోయాల్సింది అదే. గదుల మధ్య ఉన్న కవాటాల అంచులకు తెల్లటి దారాలు కట్టినట్టు కనిపిస్తాయి, లాగి చూడండి, ఓ పట్టాన తెగవు. రక్తం వెనక్కి రాకుండా కవాటాన్ని పట్టి ఉంచేవి ఆ దారాలే. ఈ యంత్రం రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి ఐదు లీటర్ల లెక్కన రోజుకు ఏడు వేల లీటర్లు తోడుతుంది. వేసవిలో ఊళ్లకు వచ్చే ఐదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్ నిండిపోయి ఇంకా మిగులుతుంది.

ఇంత రక్తం తన గదుల్లోంచే పోతున్నా గుండె కండ దాన్ని తాగలేదు. గది లోపల నున్నటి పొర ఉంటుంది. దాన్ని దాటి కండలోకి నేరుగా ఇంకే ఆక్సిజన్ వెంట్రుక మందం మేరకే పనికొస్తుంది. సెంటీమీటరు మందమున్న ఎడమ గోడకు అది ఏ మూలకు? సోమశిల జలాశయం నిండుగా ఉన్నా మీ మడి దగ్గర పిల్లకాలువ పూడిపోతే పైరు ఎండాల్సిందే కదా. గుండెకూ అంతే, తన వాటా కాలువలోంచి రావాలి.

ఆ కాలువ మొదలెక్కడ? ఎడమ జఠరికలోంచి బయటికొచ్చే పెద్ద గొట్టం బృహద్ధమని. అది మొదలయ్యే చోటే, కవాటం రెక్కలకు కాస్త పైన, రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. అనాటమీ హాల్లో మా మేడమ్ చీపురు పుల్ల ఒకటి చేతికిచ్చి "దూర్చు" అన్నారు. దూర్చాను. లోపలికని పెట్టిన పుల్ల గుండె పైభాగానికి, ఆ కొవ్వు చార కిందికి వెళ్లింది. అప్పుడు అర్థమైంది నాకు. గుండె తోడిన రక్తం బయటికి అడుగుపెట్టగానే అందులో మొదటి వాటా వెనక్కి తిరిగి గుండెకే వస్తుంది. ఒంట్లో అందరికంటే ముందు తినేది అదే. కుడివైపు ఒక ధమని, ఎడమవైపు ఒకటి. ఎడమది వెంటనే రెండుగా చీలుతుంది. అందుకే మూడు ముఖ్యమైన నాళాలు అంటారు. బ్లాకులు వచ్చేది వీటిలోనే, గుండె గదుల్లో కాదు. వీటి లోపలి వెడల్పు మొదట్లో మూడు నాలుగు మిల్లీమీటర్లు, అంటే బాల్ పెన్ రీఫిల్ అంత. కిందికి పోయేకొద్దీ ఇంకా సన్నబడతాయి.

రీఫిల్ అంత గొట్టం మీద మనిషి ప్రాణం నిలబడి ఉందంటే చాలామంది నమ్మరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో రెండు సంగతులు తెలిస్తే మీ ఆయనకు గట్టు మీదే మంట ఎందుకొస్తుందో అర్థమవుతుంది. మిగతా ఒళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు తన దగ్గరికొచ్చిన ఆక్సిజన్‌లో పావు వంతు వాడుకుని మిగతాది తిరిగి పంపేస్తుంది. గుండె కండ మాత్రం మామూలు వేళల్లోనే డెబ్బై శాతం దాకా పిండేసుకుంటుంది. దానికి దాచుకున్న నిల్వ లేదు. పని పెరిగితే రక్తం ఎక్కువ రావడం ఒక్కటే దారి. రెండోది, గుండె బిగుసుకున్నప్పుడు కండ మధ్యలోని దాని సొంత నాళాలు నలిగిపోతాయి. ఎడమ గోడకు రక్తం ప్రధానంగా అందేది గుండె సడలినప్పుడే, అంటే రెండు కొట్టుకోవడాల మధ్య సందులో. బస్తా ఎత్తుకుని నడిస్తే గుండె వేగం పెరుగుతుంది, ఆ సందు తగ్గిపోతుంది. అవసరం పెరిగిన వేళకే అందే సమయం తగ్గిందన్నమాట. గొట్టం బాగుంటే అది వెడల్పయ్యి సర్దుకుంటుంది. లోపల కొవ్వు పేరుకుని డెబ్బై శాతం మూసుకుపోయిన గొట్టం ఎక్కడ వెడల్పవుతుంది? కండ ఆకలికి ఏడుస్తుంది. ఆ ఏడుపే మంట. గుండె నరాలు, దవడ నరాలు, చెయ్యి నరాలు తెచ్చే కబురు లోపల ఒకేచోట కలగలిసిపోతుంది కాబట్టి మెదడుకు అది దవడ లాగుతున్నట్టు తెలుస్తుంది. కూర్చోగానే వేగం తగ్గుతుంది, మళ్లీ రక్తం అందుతుంది, మంట పోతుంది. ఆ ఐదు నిమిషాల్లో తాగిన సోడాకు పేరొస్తుంది.

ఈ సోడా సంగతి తలుచుకుంటే నాకు మా బాబాయి గుర్తొస్తాడు. మాది కనిగిరి దగ్గర పల్లె. బాబాయికి పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం, ఉండేది. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా మేలుకుని వేడి చూసుకోవాలి, పొయ్యిలోకి కట్టెలు ఎగదోయాలి. నేను అప్పుడు హౌస్ సర్జన్ని. ఒక పెళ్లిలో నన్ను పక్కకు పిలిచి "ఒరే, కట్టెలు మోస్తుంటే ఇక్కడ మండతాంది రా" అని ఛాతీ మధ్యలో పిడికిలి పెట్టి చూపించాడు. నేను గ్యాస్ మాత్ర రాసిచ్చాను. మూడు వారాల తర్వాత తెల్లవారి కూలీలు వచ్చేసరికి బ్యారన్ పక్కన నులక మంచం మీద చనిపోయి ఉన్నాడు. మంచం కింద ఖాళీ గోలీ సోడా సీసాలు రెండు. ఆయనకు 49 ఏళ్లు. నేను అడగాల్సింది ఒక్క ప్రశ్న: కూర్చుంటే పోతోందా బాబాయ్? అడగలేదు. పిడికిలి పెట్టి చూపించడం కూడా గుండె నొప్పి గుర్తేనని చదువుకునే ఉన్నాను, ఆ పెళ్లి సందట్లో తట్టలేదు. అప్పటినుంచి ఛాతీ మంట అని వచ్చిన ఎవరినీ ఆ ప్రశ్న అడగకుండా పంపలేదు.

"పల్లెటూరి మనుషులం, కష్టం చేసే ఒళ్లు, మాకెందుకొస్తుంది" అని మీ ఆయన అనవచ్చు. 2003–04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలకు కారణాలు ఆరా తీస్తే, గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో ఉన్నాయి, నూటికి 32. అవి మనలాంటి ఊళ్లే. దేశం మొత్తం మీద 1990లో నూటికి 15 మరణాలు ఈ జబ్బుల వల్ల అయితే 2016కి అవి 28 అయ్యాయి. మనకు తొందరగానూ వస్తుంది. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం 52 దేశాల్లో జరిగింది. అందులో మొదటి గుండెపోటు వచ్చిన వయసు చూస్తే దక్షిణాసియా వాళ్లకు 53 దగ్గర ఉంది, మిగతావాళ్లకు అంతకంటే ఐదారేళ్లు ఎక్కువ. మీ మామగారి 52 అందులో సరిగ్గా ఇమిడిపోతుంది. అదే అధ్యయనంలో ఆశ పెట్టుకోదగ్గ మాట కూడా ఉంది. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, కూరగాయలు పండ్లు తినకపోవడం, వ్యాయామం లేకపోవడం వంటి తొమ్మిది అంశాలే గుండెపోటు ముప్పులో తొంభై శాతానికి కారణమని తేలింది. తొమ్మిదీ మన చేతిలో ఎంతో కొంత ఉన్నవే. తండ్రి నుంచి వచ్చినదాన్ని మార్చలేం, మిగతాది మార్చగలం.

ఇక ఆ ఈసీజీ. మీ ఆయనకు నా మాటగా ఇలా చెప్పండి, ఆయన భాషలోనే. మధ్యాహ్నం రెండు గంటలకు గుంటలో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, చూస్తే ఎంత చూపిస్తుంది? ఎండ ఉంటుంది, నీళ్లలో పాచి ఆక్సిజన్ తయారు చేస్తుంటుంది, రీడింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ అంకె చూసి రాత్రి నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆపేసి ఇంటికొచ్చి పడుకుంటాడా? రొయ్య పైకి తేలేది తెల్లవారుజామున. అప్పటికి గుంట నిండా నీళ్లు ఉంటాయి, ఉండనిది ఆక్సిజనే. బల్ల మీద పడుకోబెట్టి, నొప్పి లేని వేళ తీసిన ఈసీజీ మధ్యాహ్నం చూసిన డీవో లాంటిది. ఆ నిమిషాన గుండె కండ ఆకలితో లేదని, పాత గుండెపోటు మచ్చ పెద్దగా కనిపించలేదని మాత్రమే అది చెబుతుంది. గొట్టంలో ఎంత పూడికుందో చెప్పదు. మూడు నాళాల్లో బ్లాకులున్నవాళ్లకు కూడా తీరిగ్గా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గా రావడం నేను చూశాను. ఈసీజీ తీసినవాళ్లను తప్పుపట్టడం లేదు. "నార్మల్" అన్న ఒక్క మాట పట్టుకుని ఇంటికి వచ్చేయడంలోనే ప్రమాదం.

డాక్టరు ఏం చేస్తారు? ముందు కథంతా వింటారు, మీరు పక్కనే ఉండి చెప్పండి. మగవాళ్లు డాక్టరు ముందు సగం మింగేస్తారు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్ష, మళ్లీ ఈసీజీ, ఎకో చేస్తారు. ఎకోలో గుండె గోడలు, కవాటాలు కదిలే తీరు తెలుస్తుంది, నాళాల్లో బ్లాకులు కనిపించవు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే టీఎంటీ చేయాలా, స్కాన్‌లో నాళాలు చూసే సీటీ యాంజియో తీయాలా, నేరుగా యాంజియోగ్రామ్‌కి వెళ్లాలా అన్నది మీ ఆయన్ని చూసి డాక్టరే నిర్ణయిస్తారు. ఒక్క జాగ్రత్త, మంట ఊరికే కూర్చున్నప్పుడు కూడా వస్తున్నా, రోజురోజుకూ పెరుగుతున్నా ఆ మాట టీఎంటీకి ముందే చెప్పాలి. అలాంటివాళ్లను ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు.

యాంజియోగ్రామ్ అనగానే గుండె కోస్తారని భయపడవద్దు. ఎక్కువగా మణికట్టు దగ్గర సూదితో సన్నటి గొట్టం పంపించి, ఆ రెండు రంధ్రాల దగ్గర రంగు మందు వదిలి ఎక్స్‌రేలో చూస్తారు. నేను చీపురు పుల్ల దూర్చిన రంధ్రాలే. అందరికీ స్టెంట్లు పడవు. చాలామంది మందులతో నిలకడగా ఉంటారు. కొందరికి స్టెంట్, కొందరికి బైపాస్. ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, ఉత్తరంలో రాయలేకపోయారేమో అనిపించింది. కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కింద, గుండె చికిత్సలు జరుగుతాయి. వెళ్లే ముందే ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో కనుక్కుని, కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి.

"బ్లాక్ నలభై శాతమేనట" అని తేలితే సంతోషించి మందులు మానేసేవాళ్లున్నారు. దయచేసి మానవద్దు. పూడిక నెమ్మదిగా పెరిగి పూర్తిగా మూసుకోవడం ఒక దారి. రెండో దారి అంతకంటే ప్రమాదం. చిన్న పూడికే అయినా దాని పైపొర ఒకరోజు చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గాయమనుకుని గడ్డ కడుతుంది. నిన్నటిదాకా రక్తం బాగానే పారిన గొట్టం నిమిషాల్లో మూసుకుపోతుంది. గుండెపోటు చాలాసార్లు ఇలాగే వస్తుంది. ఆస్పిరిన్ గడ్డ కట్టనివ్వదు, స్టాటిన్ మాత్ర ఆ పైపొర చిట్లకుండా గట్టిపరుస్తుంది. నొప్పి లేకపోయినా అవి రోజూ వేసుకోమనేది అందుకే.

గుండెపోటు వచ్చేస్తే అరగంట లోపే కండ చావడం మొదలవుతుంది. కొన్ని గంటల్లో ఆ భాగమంతా పోతుంది. చచ్చిన గుండె కండ మళ్లీ మొలవదు. అందుకే గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషికి ముందే ప్లాన్ ఉండాలి. ఫోన్ ఛార్జింగ్, 108కి గుర్తుపట్టేలా దారి చెప్పగలిగే ఒక మనిషి, గట్టు చివరిదాకా రాగల ఒక బండి. మీ ఆయన సొంతంగా బైకు నడుపుకుంటూ రాకూడదు, బస్సెక్కకూడదు. మీకు కావలి దగ్గరైతే అక్కడి ఏరియా ఆసుపత్రిలో, నెల్లూరు దగ్గరైతే అక్కడి పెద్దాసుపత్రిలో గడ్డ కరిగించే టెనెక్టిప్లేజ్ ఇంజక్షన్ ఉందా అని ఇప్పుడే వెళ్లి అడగండి. రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. నొప్పి మొదలైన తొలి గంటల్లో పడితే అది చేసే మేలు వేరు. మరుసటి రోజు కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లినా ఆ మేలు దొరకదు. ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగడం గురించి రేపు డాక్టరునే అడిగి రాయించుకోండి. అల్సర్, రక్తస్రావం, అలర్జీ ఉన్నవాళ్లకు అది పడదు. నాలుక కింద పెట్టే మాత్ర పక్కింటివాళ్లది తెచ్చి పెట్టవద్దు, బీపీ పడిపోయి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

మనిషి కుప్పకూలి, పలకక, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, ఐదు సెంటీమీటర్లు లోపలికి దిగేలా, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవైసార్లు నొక్కుతూనే ఉండాలి, 108 వచ్చేదాకా. గుంట మీద పనిచేసే కుర్రాళ్లకు ఇది నేర్పించండి.

సిగరెట్ గురించి ఒక్క మాట. ప్రకాశం, నెల్లూరు మెట్ట నేలల్లో పొగాకు ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది, నా చదువుకు కూడా ఆ డబ్బే. పండించినవాడి మీద నాకు కోపం లేదు. కానీ ఆ పొగ ఆ రీఫిల్ అంత గొట్టం లోపలి పొరను గీరి పాడుచేస్తుంది, రక్తాన్ని చిక్కబరుస్తుంది. మానేసిన ఏడాదికే సిగరెట్ వల్ల పెరిగిన గుండె ముప్పు సుమారు సగానికి దిగుతుంది. నేను రాసే ఏ ఒక్క మాత్రకూ అంత బలం లేదు. రోజుకు రెండు తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు, ఒక్కసారిగా మానడానికి సాయం చేసే మందులున్నాయి, డాక్టరును అడగండి. గుంటల మీద అప్పు, రొయ్య అనుకున్న సైజుకు ఎదగక కౌంట్ రాకపోవడం, వైట్ స్పాట్ తెగులు వస్తుందేమోనన్న భయం, వీటి టెన్షన్ నాకు తెలియనిది కాదు. ఆ టెన్షన్‌కే సిగరెట్ వెలిగిస్తాడు. అందుకని రాత్రి కాపలా వారంలో మూడు రోజులైనా ఇంకొకరికి అప్పగించండి. తిండి విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. చేపల పులుసు హాయిగా తినండి, ఉప్పు తగ్గించి వండండి. ఎండు చేపలు, ఆవకాయ మాత్రం నాలుకకు తగిలించుకునేంతే. ఉప్పు రోజంతా కలిపి మనిషికి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు.

వెళ్లేటప్పుడు ఆ పాత ఈసీజీ కాగితం పట్టుకెళ్లండి. "నార్మల్" అని పారేయవద్దు, కొత్తదాని పక్కన పెట్టి పోల్చడానికి డాక్టరుకు అదే కావాలి. మామగారి సంగతి అడగకపోయినా చెప్పండి. ఇంకొకటి, మీ ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్క లేదు. ఆడవాళ్లకు గుండె నొప్పి కొన్నిసార్లు నొప్పిలా రాదు, ఆయాసంగానో, చెప్పలేని నీరసంగానో, వాంతి వచ్చినట్టో వస్తుంది. ఇంటి పనిలో పడి మీరు దాన్ని లెక్కచేయరు. ఆయనకు బీపీ చూసిన బల్ల దగ్గరే మీరూ కూర్చుని చెయ్యి చాచండి.